జాతర వేషాల అంగట్లో కొన్న విగ్గు: మూడు తలలు మారాక రాస్తున్న రివ్యూ

ముందు లెక్క చెప్పేస్తాను, నేను అకౌంట్స్ మనిషిని. అసలు జుట్టుతో చేసిన విగ్గు. భుజాలు దాటి నాలుగు వేళ్ల పొడవు. పాపిడి దగ్గర సన్నటి నెట్టు మీద చేత్తో ముడివేసిన వెంట్రుకలు, మిగతాదంతా మిషన్ కుట్టు. ధర 18,500 రూపాయలు, లోపల వేసుకునే కాటన్ టోపీలు రెండు ఉచితం. కీమోతో జుట్టు రాలాక, 2022 మే నెలలో తిరుపతిలో, గాంధీ రోడ్డు వెనక ఒక సందులో కొన్నాను. అయిదుకు మూడున్నర మార్కులు. మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో కిందికి పోయేకొద్దీ తెలుస్తుంది.

అంగడి పేరు రాయడం లేదు. పెద్దాయన్ని అడిగితే, "నెట్లో నా పేరు రాయబాకమ్మే, జాతరప్పుడు వచ్చేవాళ్లకే జవాబు చెప్పలేకుండా ఉండా" అన్నాడు. ఆయన చెప్పిన జాతర తాతయ్యగుంట గంగమ్మది. మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు కదా, ఆ జడలూ సవరాలూ వాళ్ల నాయన కాలం నుంచి ఈ అంగట్లోనే అద్దెకిస్తారు. మిగతా రోజుల్లో చిత్తూరు వైపు భారతం ఆడే వీధినాటకం వాళ్లు వస్తారు. గోడకి భీముడి జుట్టు, దుర్యోధనుడి మీసాలు, ద్రౌపది విరబోసుకునే కురులు వేలాడుతుంటాయి. వాటి మధ్యలో, ఒక చెక్క తలకాయ మీద నా విగ్గు.

అక్కడికి నేరుగా వెళ్లలేదు. మొదట ఆన్‌లైన్‌లో 2,300 పెట్టి సింథటిక్ విగ్గు తెప్పించుకున్నాను. ఫొటోలో బాగుంది. తలకి పెట్టుకుంటే బొమ్మల కొలువులో బొమ్మలాగా ఉన్నాను, ఒకటే మెరుపు. మెడ దగ్గర చెమటకి రెండు రోజుల్లో చిక్కులు పడి పీచు అయిపోయింది. మూడో రోజు కుక్కర్ మూత తీశాను, ఆవిరి ముఖానికి కొట్టింది, ముందు వెంట్రుకలు ముడుచుకుపోయాయి. మా జేజి చూసి "కాలిన కోడి వాసనొస్తా ఉండాది" అంది. వంట చేసేవాళ్లెవరూ సింథటిక్ జోలికి పోకండి. ఇంతకంటే దాని గురించి రాయడం దండగ.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. మెడ మీద గడ్డ, రాత్రిళ్లు దుప్పటి తడిసేంత చెమట, ఒళ్లంతా దురద, బరువు తగ్గడం. ఒక డాక్టరు టీబీ అని మాత్రలు రాశాడు, నాలుగు నెలలు మింగాను. గడ్డ తగ్గలేదు. ముక్క తీసి పరీక్ష చేస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫ్ గ్రంథులకి వచ్చే క్యాన్సర్ అని తేలింది. ఏబీవీడీ అని నాలుగు మందుల కీమో, రెండు వారాలకోసారి, మొత్తం పన్నెండు. అందులో ఒకటి ఎర్రగా ఉంటుంది, అది ఎక్కిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే పిల్లలు రక్తం అనుకుని హడలిపోతారు. నేనూ హడలిపోయాను. జుట్టు రాలేది ఎక్కువగా ఆ ఎర్ర మందు వల్లే. నాకు పదహారో రోజు దువ్వెనతో పాటు కుచ్చు వచ్చింది. సాయంత్రం నాన్న మంగలిని ఇంటికి పిలిపించాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. గుండుతో బతకడానికి తిరుపతిని మించిన ఊరు లేదు. కొండ దిగే ప్రతి బస్సులో ఆడా మగా పిల్లా జెల్లా గుండ్లే. నాన్న ఘాట్ రోడ్డు బస్సు డ్రైవరు, "నా బండిలో జుట్టున్నవాళ్లనే వింతగా చూస్తారు" అనేవాడు. నేను కూడా గుండుకి గంధం పూసుకుని బస్టాండులో కూర్చుంటే, పక్కన ఒంగోలు ఆవిడ "దర్శనానికి ఎంతసేపు పట్టిందమ్మా?" అని అడిగింది. ఎనిమిది గంటలు అన్నాను. పూర్తి అబద్ధం కాదు, కీమో రోజు పొద్దున ఎనిమిదికి వెళితే సాయంత్రం నాలుగయ్యేది. ఆవిడ ఇంకా లడ్డూ ఉందేమో అన్నట్టు నా సంచీ వైపు చూసింది.

మరి విగ్గెందుకు అంటే, మొక్కు గుండు నెల తిరిగేసరికి మొలకేస్తుంది. నాది వేయలేదు. రెండో నెలకి ఎదురింటావిడ లెక్క పట్టేసింది. పైగా కీమో కనుబొమ్మల్ని కూడా తినేస్తుంది, దేవుడికి కనుబొమ్మలు ఎవరూ ఇవ్వరు. ఇదీ కాక రేణిగుంటలో ఆఫీసు. అన్నిటికంటే ముందు చంద్రగిరిలో మా చిన్నాన్న కూతురి పెళ్లి. అమ్మ ఆ పెళ్లి కోసమే పట్టుబట్టింది.

అంగట్లోకి వెళ్లగానే మొదటి అర మార్కు పోయింది. అద్దం వీధికి ఎదురుగా ఉంది. స్కార్ఫు తీస్తే సందులో టీ తాగేవాళ్లందరికీ నా తల కనిపిస్తుంది. తెర లేదు, లోపలి గది లేదు. పైగా పనిచేసే పిల్లోడు లోపలికి చూసి "నాయినా, క్యాన్సర్ విగ్గు కావాలంట!" అని గట్టిగా కేకేశాడు. నేను వెనక్కి తిరిగి మెట్లు దిగాను కూడా. పెద్దాయన వచ్చి ఆ పిల్లోణ్ణి "గమ్మునుండు రా" అని కసిరి, షట్టరు సగానికి దించి, నన్ను లోపల స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆ షట్టరు దించడానికి మార్కు వేస్తున్నాను. తెర లేనందుకు మాత్రం కోత తప్పదు.

కొలత తీసుకునే పద్ధతి బాగుంది. తల చుట్టూ, నుదుటి నుంచి మెడ గుంట దాకా, చెవి నుంచి చెవికి నడినెత్తి మీదుగా, మూడు కొలతలు. చుట్టుకొలత ఇరవై ఒక్క అంగుళాలు వచ్చింది. "జుట్టుండగానే రావాల పాపా, పాపిడి యాడ తీసేది, ముందు కురులు ఎట్ల పడేది కళ్లతో చూసుంటే పని సులువు" అన్నాడు. ఆలస్యమైపోయిందిగా, పాత ఫొటోలు నాలుగు ఫోన్లో చూపించాను. ఈ రివ్యూలో పనికొచ్చే మాట ఏదైనా ఉందంటే అదే: కొనాలని ఉంటే మొదటి కీమోకి ముందే వెళ్లండి. రాలేదాకా ఆగితే రెండు మూడు వారాల్లో ఆ అవకాశం పోతుంది.

అమ్మ అక్కడే తన జడ చేత్తో పట్టుకుని, "అన్నా, నాది తీసి కట్టు, డబ్బు తగ్గుతుంది కదా" అంది. ఆయన నవ్వలేదు. "ఒక తలకాయ చాలదమ్మా. ఒక్క విగ్గుకి అయిదారు జడలు కావాల. వేర్లన్నీ ఒకవైపు ఉండాల, లేకుంటే చిక్కు పడతాది. నీది స్వామికి ఇచ్చుకో" అన్నాడు. అమ్మ వెంటనే ఇంకో ప్రశ్న వేసింది, ఇది ఎవరి జుట్టు అని. కల్యాణకట్టలో ఇచ్చిన తలనీలాల్ని టీటీడీ పొడవును బట్టి వేరుచేసి ఈ-వేలంలో అమ్ముతుందని, అవి ఎక్కడెక్కడి దేశాలకో పోతాయని అందరికీ తెలిసిందే. "నేను మద్రాసులో కట్టలుగా కొంటాను. కొండ మీదిదే అని ప్రమాణం చేసేదానికి లేదు" అన్నాడు. అబద్ధం చెప్పి అమ్మని మెప్పించడం చాలా సులభం. చెప్పలేదు. ఆ ఒక్క మాటతో నేను బేరమాడటం ఆపేసి ఒప్పేసుకున్నాను.

వారంలో ఇస్తానన్న విగ్గు పదహారు రోజులకి ఇచ్చాడు. తొమ్మిది రోజుల ఆలస్యం. కారణం జాతర. చీరలు కట్టే మగవాళ్లకి జడలు ఇవ్వడంలో మునిగిపోయాడు. చంద్రగిరి పెళ్లికి స్కార్ఫుతోనే వెళ్లాను, ఫొటోల్లో వెనక వరసలో నిలబడ్డాను. గంగమ్మ మీద నాకు కోపం లేదు గానీ, కీమో మనిషికి తేదీ అంటే తేదీయే. తెల్ల కణాలు పడిపోయే రోజులు, లేచే రోజులు చూసుకుని మేం బయటికి వస్తాం. ఇంకో అర మార్కు ఇక్కడ పోయింది.

వచ్చాక మరో గొడవ. పాపిడి దగ్గరి నెట్టు గులాబీ రంగు, తెల్లదొరసానికి సరిపోయేది. నా చామనఛాయ నుదుటి మీద చిన్న ప్లాస్టరు అంటించినట్టుంది. వెనక్కి పట్టుకెళితే ఆయన కొడుకు టీ డికాషన్ కాచి, చల్లార్చి, నెట్టు భాగం మాత్రం ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచి మూడుసార్లు చేశాడు. రంగు కుదిరింది. జుట్టు మరీ ఒత్తుగా ఉందంటే కత్తెరతో పలచన చేశాడు. రెండింటికీ డబ్బు తీసుకోలేదు. లోపల చెవుల వెనక కుట్టు మాత్రం చివరిదాకా గుచ్చుతూనే ఉంది, కాటన్ టోపీ వేసుకున్నా సరే. మిగిలిన అర మార్కు ఆ కుట్టుకి. ఇంకో సంగతి, బిల్లు అడిగితే పాడ్ మీద పెన్నుతో రాసిచ్చాడు. నాకు ఆరోగ్యశ్రీ కింద కీమో జరిగింది, విగ్గుకి మాత్రం నాన్న జేబే. బిల్లు ఎక్కడా పనికిరాలేదు కాబట్టి మార్కు తగ్గించలేదు.

వాడకం గురించి. ఆరు నెలల కీమోలో నేను దాన్ని పెట్టుకున్నది 23 రోజులు. డైరీలో రాసుకున్నాను. అంటే రోజుకి 804 రూపాయలు. ఆ డబ్బుకి రోజూ ఓ మంచి హోటల్లో భోజనం చేయొచ్చు, నోట్లో పుళ్లు లేకపోతే. మే, జూన్ ఎండల్లో ఇది తలకి కట్టుకున్న కుంపటి. ఆఫీసులో ఏసీ కింద బాగుంటుంది. స్కూటీ వాళ్లు జాగ్రత్త. పెట్రోలు బంకులో హెల్మెట్ తీశాను, విగ్గు హెల్మెట్‌లోనే ఉండిపోయింది. బంకు కుర్రాడు పైపు పట్టుకుని అలా నిలబడిపోయాడు. "ఫుల్ ట్యాంక్" అన్నాను, ఇంకేమనాలో తోచక. ఆ రోజు ఇంటికొచ్చి నెలల తర్వాత కడుపు నొప్పొచ్చేలా నవ్వాను. ఆ తర్వాత చాలా వరకు గుండుతోనే తిరిగాను. నటి హంసానందిని 2021 డిసెంబరులో తన క్యాన్సర్ సంగతి చెబుతూ గుండు ఫొటో పెట్టింది కదా, నాకు నాలుగు నెలల ముందు. ఆ ఫొటో నా ఫోన్లో సేవ్ చేసి ఉండేది. సినిమా మనిషికే లేని సిగ్గు మనకెందుకు అని అమ్మకి చూపించేదాన్ని.

అక్టోబరులో చివరి కీమో అయింది. అమ్మ కొండకెళ్లి జడ మొత్తం ఇచ్చేసింది. నాకు మొలకలు వస్తుంటే అమ్మది నున్నగా ఉంది, ఇద్దరం కలిసి ఉన్న ఒక ఫొటో ఉంది, ఎవరు పేషెంటో చెప్పలేరు. నా జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది, ముందు లేని ఉంగరాలు. విగ్గు బీరువాలోకి పోయింది.

అసలు రివ్యూ ఇక్కడ మొదలవుతుంది. కీమో వార్డులో నా పక్క కుర్చీలో ఒక నర్సింగ్ విద్యార్థిని ఉండేది. నాకు పన్నెండోది ఎక్కుతున్నప్పుడు తనకి మొదటిది. "అక్కా, ఎర్ర మందు ఎక్కేటప్పుడు ఏం చేశావు?" అని అడిగింది. తను రోగులకి సూదులు వేసే పిల్ల, అయినా తన చేతికి ఎక్కేసరికి నన్ను అడిగింది. అప్పట్నుంచి నెలకి రెండు శనివారాలు వార్డుకి వెళ్లడం అలవాటైంది. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కాగితాలు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర ఏ కాగితం ఇవ్వాలి, డాక్టరు ముందు మాట తడబడకుండా ప్రశ్నలు చీటీ మీద ఎలా రాసుకోవాలి, ఇలాంటివి చెబుతాను. దీన్ని ఇంగ్లీషులో పేషెంట్ అడ్వకేట్ అంటారని తర్వాత తెలిసింది. మా జేజికి చెబితే "నల్లకోటు యాడమ్మే?" అంది. ముంబైలో చిన్నప్పుడు క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లు పెద్దయ్యాక 2009లోనే ఉగమ్ అని ఒక గుంపు కట్టి ఈ పని చేస్తున్నారట. మాది గుంపు కాదు, నేనూ ఒక ఫోనూ.

ఆ నర్సింగ్ అమ్మాయికి విగ్గు ఇచ్చాను. ఆసుపత్రి డ్యూటీలో రోగులు తనని చూసి భయపడతారని తన బాధ. తన తల ఇరవై ఒకటిన్నర, పెద్దాయన లోపలి పట్టీలు సడలించి ఇచ్చాడు, ఉచితంగా. తను 61 రోజులు వాడింది. నాతో కలిపితే 84 రోజులు, రోజుకి 220 రూపాయలకి దిగింది. ఆ తర్వాత ఒక చీరల షాపు సేల్స్ అమ్మాయి, ముప్పై ఒకటేళ్లు, రొమ్ము క్యాన్సర్. "కస్టమర్లు చూడకుండా ఉంటే పనికి రా" అన్నాడట యజమాని. ఆ మాటకి నేను ఫోన్ చేసి పోట్లాడాలనుకున్నాను, తను వద్దంది, జీతం పోతుందని. విగ్గుతో దాదాపు 200 రోజులు పనికి వెళ్లింది. ఇప్పుడు లెక్క రోజుకి 65 రూపాయలు. ఒక మనిషికి ఖరీదైన వస్తువు, ముగ్గురికి చవక. ఒకరి నుంచి ఒకరికి ఇచ్చే ముందు బాగా ఉతకాలి, లోపలి టోపీ మాత్రం ఎవరిది వాళ్లదే. కీమోలో ఉన్నవాళ్లకి చిన్న ఇన్ఫెక్షన్ కూడా పెద్దదే.

ఉతకడం కూడా చెప్పేస్తాను. పది సార్లు పెట్టుకున్నాక ఒకసారి. చల్లటి నీళ్లు, కొంచెం షాంపూ, పైనుంచి కిందికే. రుద్దకూడదు, పిండకూడదు. తువ్వాలుతో అద్ది చెంబు మీద బోర్లించి నీడలో ఆరబెట్టాలి. ఇత్తడి చెంబు మీద విగ్గు చూసి మా ఇంటికొచ్చిన పాలబ్బాయి కలశం అనుకుని దండం పెట్టుకున్నాడు.

ఈ అంగడికి నేను కొత్తవాళ్లని తీసుకెళ్లడానికి అసలు కారణం విగ్గు కాదు. వార్డులో అడగలేనివి అక్కడ అడుగుతారు. విగ్గు సర్దుతుంటే ఇద్దరం అద్దంలోకి చూస్తుంటాం, ఒకరి ముఖం ఒకరు నేరుగా చూసుకోం. అప్పుడు బయటికి వస్తుంది. "అక్కా, నాకు పెళ్లవుతుందా?" "పిల్లలు పుడతారా?" బతుకుతానా అన్నది మూడో ప్రశ్న, చాలామందికి. పిల్లల సంగతి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఏబీవీడీతో ఆ ముప్పు తక్కువని నాకు అన్నీ అయ్యాక తెలిసింది, అదృష్టం. రొమ్ము క్యాన్సర్‌కి వాడే సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులతో అలా కాదు. అండాలు గానీ వీర్యం గానీ దాచుకోవాలంటే మొదటి కీమోకి ముందే అడగాలి. అమ్మానాన్నలు పక్కనుంటే పెళ్లికాని పిల్ల డాక్టర్ని ఆ మాట ఎలా అడుగుతుంది? అందుకే వాళ్ల చీటీలో మొదటి ప్రశ్నగా నేనే రాసిస్తాను, "ఈ అక్క రాసింది" అని చూపించమంటాను. తప్పు నా మీదికి వస్తుంది, రానీ. అలాగే అన్నీ అయిపోయాక ఏ మందు ఎంత ఎక్కిందో రాసిన కాగితం అడిగి తీసుకోమంటాను. ఎర్ర మందు గుండెని, ఏబీవీడీలోనే ఉండే బ్లియోమైసిన్ అనే మందు ఊపిరితిత్తుల్ని ఇబ్బంది పెట్టొచ్చు. పదేళ్ల తర్వాత చూసే డాక్టరుకి ఆ కాగితమే దిక్కు.

మగపిల్లలు విగ్గు అడగరు. ఒక ఇంటర్ కుర్రాడు మాత్రం అమ్మతో వచ్చాడు. గుండుతో ఇబ్బంది లేదట, "కనుబొమ్మలు ఉండాయా?" అని అడిగాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి, వీధినాటకం వాళ్లకి వాడే రంగు పెన్సిలుతో ఒక్కో వెంట్రుక గీసినట్టు గీసి, అమ్మకి కూడా నేర్పించి పంపాడు. ఆ పని చేసే చోటు తిరుపతిలో నాకు ఇంకోటి తెలీదు.

తెర విషయం. మూడుసార్లు అడిగాను. మొదటిసారి నవ్వాడు, రెండోసారి "జాతర అయినాక" అన్నాడు. మూడోసారి సేల్స్ అమ్మాయిని తీసుకెళ్లినప్పుడు, నేను ఇంటి నుంచి అమ్మ పాత చీర, నాలుగు మేకులు, సుత్తి తీసుకెళ్లాను. చూసి సిగ్గుపడి ఆయనే కొట్టాడు. ఇప్పుడు అద్దం ముందు ఆకుపచ్చ వెంకటగిరి చీర వేలాడుతుంది, వెనకాల స్టూలు, ఒక ఫ్యాను. కేకలేసే పిల్లోడు ఇప్పుడు గొంతు తగ్గించి "మెడికల్" అంటాడు. కాబట్టి ఇప్పుడు వెళ్లేవాళ్లు నా మూడున్నరని నాలుగు చేసుకోండి. ఆలస్యం మాత్రం అలాగే ఉంది. మే నెలలో ఆర్డర్ ఇవ్వకండి.

విగ్గు ఇప్పుడు అంగట్లోనే ఉంది. పాపిడి దగ్గర ముడులు ఊడి పలచబడింది, మళ్లీ వెంట్రుకలు కట్టడానికి 1,200 అడిగాడు. పీలేరు నుంచి ఒక డిగ్రీ అమ్మాయి కాచుకుని ఉంది, ఇరవైయేళ్లు, తల ఇరవై ఒకటే. మొదటి కీమో వచ్చే గురువారం. ఈసారి జుట్టుండగానే కొలతకి పంపాను.